పసిగొంతుకు పాఠమెప్పుడు?

1998వ సంవత్సరమున మాదాపూరు రాళ్లగుట్టల నడుమ సైబర్ టవర్స్ భవనము ప్రారంభోత్సవము జరుపుకొన్న నాటినుండి నేటివరకు, కొండాపూరు, గచ్చిబౌలి, రాయదుర్గము, నానక్‌రామ్‌గూడ అను ఊళ్లన్నియు ఒక్క మహానగరముగా కలిసిపోయి, దేశము నలుమూలలనుండి వచ్చిన యువదంపతులకు నివాసములైనవి. ఆ దంపతులకు పిల్లలు కలిగిరి. ఆ పిల్లలకు సాయంకాలములు కలిగినవి. ఆ సాయంకాలములను ఏమి చేయవలెనన్న ప్రశ్న మాత్రము ఇంటింట నేటికిని తెగక నిలిచియున్నది. అబాకస్, చదరంగము, కోడింగు, ఈత, కీబోర్డు, కర్ణాటక గాత్రము అని వరుసగా వ్రాసిన బోర్డు లేని వీధి ఆ ప్రాంతమున అరుదు. ఆ వరుసలో సంగీతము కూడ చేరినందుకు సంతోషింపవలసినదే. కాని సంగీతమును ఆ వరుసలో చేర్చి నేర్పవచ్చునా, వేరొక తీరున నేర్పవలెనా అని ఆలోచించువారు తక్కువ.

ఈ దిగువ సంవాదమున మాటలాడువారు ఇరువురు. ఒకరు విజయనగరమున బహుకాలము వయొలిన్ పాఠములు చెప్పి విశ్రాంతి పొందుచున్న పెద్దలు. రెండవవారు ఆయన మేనకోడలు. రాయదుర్గమునందలి ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో ఉద్యోగిని. ఆరవయేట నున్న బాలికకు తల్లి. కొండాపూరులోని ఆమె యింటికి ఆయన చుట్టపుచూపుగా వచ్చినప్పుడు ఈ ప్రసంగము జరిగినది. ఒకరిని పూర్వపక్షముగా నిలిపి ఓడింపవలెనన్న కోరిక నాకు లేదు. ఇరువురును ఆ బిడ్డ మేలు కోరువారే. నా మొగ్గు ఎటున్నదో చదువరులకు తెలియకపోదు.

మేనకోడలు: మామయ్యా, ఈ విషయంలో మీరు నన్ను వారించకండి. వచ్చే నెలనుంచి పాపను సంగీతంలో చేర్చాలని నిశ్చయించుకున్నాను. వారానికి రెండు రోజులు గాత్రం, రెండు రోజులు కీబోర్డు. ఏడాది తిరిగేసరికి ట్రినిటీ వారి గ్రేడు పరీక్ష. చెవి లేతగా ఉన్నప్పుడే స్వరం నాటుకుంటుందని చిన్నప్పుడు మీరే అనేవారు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఆరవయేట వాద్యం చేతబట్టి, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో కచేరీ చేసేనాటికి నిండా పదేళ్లు లేవు. బాలమురళీకృష్ణగారు ఎనిమిదేళ్లకే బెజవాడలో పూర్తి కచేరీ చేశారు. వాళ్ల పెద్దవాళ్లెవరూ, పిల్లవాడికి బుద్ధి పుట్టినప్పుడు చూద్దామని చేతులు ముడుచుకుని కూర్చోలేదు గదా!

మామయ్య: కూర్చోలేదు, నిజమే. కాని నువ్వు కచేరీ రోజునుంచి కథ మొదలుపెడుతున్నావమ్మా. నేను ఇంకా వెనక్కు పోతాను. శ్రీనివాస్ తండ్రి సత్యనారాయణగారు స్వయంగా సంగీతం నేర్చినవారు. తండ్రి వెంట కచేరీకి వెళ్లి, అక్కడ మాండొలిన్ నాదం విని, ఆ పిల్లవాడు తనంతట తానే వాద్యం పట్టాడు. అది చూసి తండ్రి కొత్త మాండొలిన్ కొని పాఠం మొదలుపెట్టాడు. తరువాత గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించడమే రాదు. ఆయన పాడేవారు, విన్నదాన్ని కుర్రవాడు తీగల మీద వెతుక్కునేవాడు. ఇక బాలమురళి తల్లి సూర్యకాంతమ్మగారు వైణికురాలు, తండ్రి పట్టాభిరామయ్యగారు వేణువు వాయించేవారు. బిడ్డ పసిగుడ్డుగా ఉన్నప్పుడే తల్లి పోయినా, తండ్రి వేణువు ఆ ఇంట్లో ఆగలేదు. ఈ ఇళ్లల్లో పిల్లవాడికి సంగీతం ఒక పాఠ్యాంశం కాదు. అన్నం ఉడికే వాసన ఎట్లా ఉంటుందో అట్లా ఉండేది. పరుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు శిక్ష ఇచ్చినది అప్పటికే పాటతో నిండిపోయిన పిల్లవాడికి.

మేనకోడలు: మీరు అంటున్నది సరిగ్గా నా పక్షానికే బలం. మా ఇంట్లో వీణ లేదు, వేణువు లేదు. ఆయనా నేనూ ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది. ఆ తరువాత అమెరికావాళ్లతో మీటింగులు. విజయనగరంలో మీ వీధిలో అరుగు మీద కూర్చుంటేనే పాట వినబడేది. ఇక్కడ పదో అంతస్తు కిటికీ తెరిస్తే వినబడేది క్రేన్ల చప్పుడు. ఇల్లు ఇవ్వలేనిదాన్ని డబ్బు పెట్టి క్లాసులో కొనుక్కోక నేనేం చేయాలి?

ఈ మాటకు పెద్దాయన వెంటనే సమాధానము చెప్పలేకపోయెను. నాకును ఇది లోతైన మాటయే అనిపించినది. మన పూర్వవాగ్గేయకారుల బాల్యములను గూర్చి పరవశముతో చెప్పుకొనువారు, ఆ బాల్యములకు చుట్టునున్న అగ్రహారమును, భజనమందిరమును, హరికథను, పెండ్లి సన్నాయిని మరచిపోయి, ఇవి యేవియు లేని అపార్టుమెంటులోని తల్లిని మాత్రము తప్పుపట్టుదురు. ఒకప్పుడు ఊరు చేసిన పనిని తరువాత కొంతకాలము రేడియో చేసినది. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా తెలుగు పిల్లలకు ఆత్మబంధువులైన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల కార్యక్రమములలో పిల్లల గొంతులనే పిల్లలు వినిరి. ఈనాటి పిల్లలకు పాట లేకపోలేదు, చేతిలోని ఫోనులో కావలసినంత కలదు. లేనిదల్లా ఎదుట కూర్చుండి పాడు మనిషి.

మామయ్య: నువ్వు అడిగినది న్యాయమైన ప్రశ్నే. కాని మీ ఇంట్లో నాదం లేదని నువ్వు అనుకున్నంతగా పాప అనుకోవడం లేదు. నిన్న సాయంకాలం దాన్ని కిందికి తీసుకువెళ్లాను. మీ లిఫ్టు తలుపు తెరుచుకునే ముందు రెండు స్వరాల గంట మోగుతుంది. పైస్వరం ముందు, కిందిస్వరం వెనక. పాప దాన్ని విని, అదే ఎడంతో తానూ పలికింది. తోటలోకి వెళ్లాక, గంట వినబడని చోట, జారుడుబల్ల మెట్లెక్కుతూ ఆ రెండు స్వరాలనే మరికొంచెం హెచ్చు శ్రుతిలో పాడుకుంది. తరువాత తగ్గించి పాడుకుంది. ఆధారస్వరం మారినా స్వరాంతరం చెడలేదు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ వినడం లేదనే అనుకున్నది. నా దగ్గరకు వచ్చే పిల్లలకు ఈ ఒక్క సంగతి పట్టుబడేందుకు నెలలు పట్టేది.

మేనకోడలు: అది ఆట మామయ్యా! ఆట విద్య అవుతుందా?

మామయ్య: ఆట విద్య కాదు. ఆట చచ్చిన తరువాత విద్యా రాదు.

మేనకోడలు: నా సంగతే చెప్తాను వినండి. తొమ్మిదేళ్లకు వర్ణాల దాకా వచ్చాను, మీకు తెలుసు. ఎనిమిదో తరగతిలో ఫౌండేషన్ కోర్సు మొదలయ్యేసరికి సంగీతం మానేస్తానన్నాను. అమ్మా నాన్నా 'నీ ఇష్టం' అన్నారు. ఎంతో మంచివాళ్లు, ఒక్క మాట కాదనలేదు. మొన్న శిల్పకళావేదికలో ఒక కచేరీకి వెళ్తే, ఆవిడ మొదలుపెట్టిన వర్ణం నాకు కంఠతా వచ్చినదే. చెయ్యి తనంతట తాను తాళం వేసింది. గొంతులో స్వరం మాత్రం లేదు. ఆ రోజు ఇంటికి వచ్చి ఎంత బాధపడ్డానో! ఒక్క ఏడాది నన్ను బలవంతంగా కూర్చోబెట్టి ఉంటే ఏం పోయేది? పదమూడేళ్ల పిల్ల ఇష్టం మీద ఆమె జీవితకాలపు సంపదను వదిలేయవచ్చునా? 'నీ ఇష్టం' అన్నమాటలో ప్రేమ ఎంత ఉన్నదో, బాధ్యత దించుకోవడమూ అంతే ఉన్నది.

మామయ్య: ఆ మాట కాదనలేను. అక్కయ్యకు అప్పుడే చెప్పవలసినవాణ్ణి. కాని ఒకటి అడుగుతాను, జ్ఞాపకం చేసుకో. క్లాసునుంచి వచ్చాక మీ ఇంట్లో నిన్ను పాడమన్నది ఎవరు, ఎప్పుడు?

మేనకోడలు: చుట్టాలు వచ్చినప్పుడు పాడమనేవారు. నవరాత్రుల్లో బొమ్మల కొలువు ముందు పాడేదాన్ని.

మామయ్య: నీతో కలిసి పాడినది ఎవరు?

మేనకోడలు: ఎవరూ లేరు.

మామయ్య: అదమ్మా నేను చెప్పేది. నీకు పాఠం ఉన్నది, పాటకు తోడు లేదు. అటువంటి పిల్ల ఎనిమిదో తరగతిలో కాకపోతే పదో తరగతిలో మానేస్తుంది. బలవంతం చేసి ఉంటే ఇంకో రెండేళ్లు నడిచేదేమో. ఘంటసాల తండ్రి సూరయ్యగారు కొడుకును భుజం మీద ఎక్కించుకుని భజనలకు తీసుకువెళ్లేవారట. కొడుకు చిన్నతనంలోనే ఆ తండ్రి పోయాడు. అయినా ఆ కుర్రవాడు వేలి ఉంగరం అమ్ముకుని మా విజయనగరం చేరి, మధుకరం ఎత్తుకుని బ్రతుకుతూ, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర నేర్చుకున్నాడు. అంత కష్టం ఇంకొకరు పెడితే ఏ పిల్లవాడు పడతాడు? ద్వారం వెంకటస్వామినాయుడుగారికి తొలిపాఠం ఇంట్లో అన్నగారి దగ్గరే. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసుగారిని అధ్యక్షులుగా కూర్చోబెట్టినప్పుడు, నాయుడుగారు విద్యార్థిగా చేరదామని వస్తే, వాద్యం విని అధ్యాపకుడిగా తీసుకున్నారు.

మేనకోడలు: మీరు మహామహుల పేర్లే చెప్తున్నారు. నా బిడ్డ మహావిద్వాంసురాలు కావాలని నాకు లేదు. శ్రీపాద పినాకపాణిగారి వంటి దారి ఒకటి ఉన్నది గదా! వైద్యం చదివారు, వైద్యకళాశాలలో ఆచార్యత్వం చేశారు, అటు నేదునూరి, వోలేటి, నూకల వంటివారికి గురువయ్యారు, నాలుగు సంపుటాల 'సంగీత సౌరభం' వ్రాశారు. ఉద్యోగం చేసుకుంటూ సంగీతం నిలుపుకోవచ్చునని నాకు ఆశ కలిగించేది ఆయన జీవితమే. అది కట్టుదిట్టమైన సాధన లేకుండా సాధ్యమా?

మామయ్య: ముమ్మాటికీ కాదు. సాధన వద్దని నేను ఎన్నడూ అనలేదు. నా అన్నం సాధన పెట్టినదే. ఎవరి సాధన, ఎప్పుడు, ఎటువంటిది అన్నదే మన తగవు. చిన్నపిల్లల చేత చేయించే సాధనలో పొరపాట్లు ఎక్కడ జరుగుతాయో నేను దగ్గరనుంచి చూశాను. ఒకటి శ్రుతి. మగవాళ్ల గొంతుకు ఒకటి, రెండు శ్రుతులు సుఖం. ఆడవాళ్లకు, పిల్లలకు ఐదో, ఐదున్నరో సుఖం. గురువు తనకు కుదిరిన శ్రుతి పెట్టుకుని రికార్డు చేసి పంపుతాడు, పిల్ల దానితో కలిపి పాడుతుంది. తారషడ్జం వచ్చేసరికి గడ్డం పైకి లేస్తుంది, మెడ నరాలు తేలుతాయి, స్వరం అందక పిల్ల ఊరుకుంటుంది. 'శ్రద్ధ లేదు' అని తల్లికి చెప్తారు. లేనిది శ్రద్ధ కాదు, సుఖం. రెండవది వరుసలు. పురందరదాసులవారు ఏర్పరచిన క్రమం మీద నాకు అపారమైన గౌరవం. మాయామాళవగౌళలో సరళీవరుసలు, జంటవరుసలు, అలంకారాలు, మూడు కాలాల్లో చెప్పించడం కంటె గట్టి పునాది నాకు తెలియదు. అయితే ఆరేళ్ల పిల్ల పాటను అడుగుతూ వస్తుంది. ఏడాదిపాటు పాట అనేది చెప్పకుండా వరుసలే చెప్తే, అది ఆకలితో వచ్చిన బిడ్డకు వంటింటి లెక్కలు చూపించడమే. నేను తొలిరోజునే ఒక చిన్న పాట చెప్పేవాణ్ణి, మాటలు రాకపోతే అకారంతో. రెండో నెలలో ఆ పాటలోని స్వరాలను విప్పి, 'ఇదుగో, నువ్వు పాడుతున్నది ఇదే' అని వరుస చూపించేవాణ్ణి.

హంగరీ దేశపు సంగీతకర్త కోదాయ్, వాద్యము చేతికిచ్చుటకు ముందు గాత్రమే ముఖ్యమనియు, తల్లిభాషలోని జానపదగేయములతోనే ఆరంభింపవలెననియు బోధించెను. మన పెద్దాయన ఆయన గ్రంథములు చదివియుండడు. అనుభవము ఇరువురిని ఒక్కచోటికే చేర్చినది.

మేనకోడలు: అంతా బాగున్నది. కాని పరీక్ష ఉంటే లక్ష్యం ఉంటుంది. పతకం, సర్టిఫికెట్ అంటే పిల్లలకు ఎంత ఉత్సాహమో చూడండి. పైగా సంగీతం నేర్చిన పిల్లలకు లెక్కలు బాగా వస్తాయని మా ఆఫీసులో అందరూ అంటారు.

ఇచ్చట వ్యాసకర్త ఒక మాట చెప్పక తప్పదు. సంగీతము విన్నచో బుద్ధి పెరుగునను ప్రచారమునకు మూలము 1993లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన ఒక చిన్న పరిశోధన; అందు పాల్గొన్నవారు పసిపిల్లలు కారు, కళాశాల విద్యార్థులు; మొజార్ట్ సంగీతము విన్న పిదప వారియందు కనబడిన మార్పు పదిపదునైదు నిమిషములకు మించి నిలువలేదు. దానిని పట్టుకొని లోకము ఊయలలోని శిశువులకు సైతము సీడీలు అమ్మినది. బహుమానముల సంగతి ఇంతకంటె విచారింపదగినది. 1973లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు శిశువిద్యాలయమున, రంగుపెన్నులతో బొమ్మలు వేయుటయందు సహజముగనే ఆసక్తిగల పిల్లలలో కొందరికి, బొమ్మ వేసినచో బంగారుముద్రయు రిబ్బనును గల యోగ్యతాపత్రము ఇత్తుమని ముందుగా చెప్పి, ఇచ్చిరి. కొన్నాళ్లకు ఎవరును అడుగకుండ పెన్నులు ముందుంచి చూడగా, ఆ పిల్లలు తక్కినవారిలో సుమారు సగము సేపు మాత్రమే బొమ్మలు వేసిరి. ఆశ పెట్టక, అనుకోకుండ అదే పత్రము పొందిన పిల్లలకు మాత్రము ఏ నష్టమును కలుగలేదు. కావున మెచ్చుకోలు దోషము కాదు; ముందుగా కుదుర్చుకొన్న కూలియే దోషము. ఆరేండ్ల బిడ్డకు పాటయే ప్రతిఫలముగా నున్నప్పుడు, దానిపై మరియొక ప్రతిఫలమును చూపుట, ఉన్నదానిని వెలితిగా చూపుటయే యగును.

మామయ్య: పరీక్ష ఎప్పటికీ వద్దని నేను అనను, అడిగే వయస్సు వస్తే తానే అడుగుతుంది. పోయిన బతుకమ్మ పండుగ గుర్తున్నదా? ఆ తొమ్మిది రోజులూ మీ అపార్టుమెంటు ముంగిట్లో తెలంగాణ ఆడవాళ్లు వలయంగా తిరుగుతూ చప్పట్ల తాళంతో పాడుతుంటే పాప వాళ్ల మధ్యకు పోయింది. ఒకరు ఎత్తుకుంటే తక్కినవాళ్లు అందుకుంటారు. తప్పు పాడినా వలయం ఆగదు. పండుగ అయ్యేసరికి పాపకు మూడు పాటలు వచ్చాయని నువ్వే ఫోనులో చెప్పావు. నేర్పినది ఎవరు?

మేనకోడలు: చివరిరోజు డీజే పెట్టెలు తెచ్చి పెట్టారు లెండి, ఆ చప్పుడులో ఎవరి గొంతూ వినబడలేదు. పాప చెవులు మూసుకుని ఇంటికి వచ్చేసింది. సరే, ఒప్పుకున్నాను. కాని బతుకమ్మ ఏడాదికి ఒక్కసారి. మిగిలిన రోజుల మాట ఏమిటి? అమెరికాలోని మనవాళ్లను చూడండి. క్లీవ్‌లండులో 1978 నుంచి త్యాగరాజ ఆరాధన జరుపుకుంటున్నారు. పిల్లలను గంటల తరబడి కారులో తీసుకువెళ్లి పోటీల్లో పాడిస్తారు. వాళ్లు అంత పట్టుదలగా ఉండకపోతే ఆ పిల్లలకు మన సంగీతమే తెలియదు.

మామయ్య: గంటల తరబడి కారు నడిపినది ఎవరు? ఆ పిల్లలకు అందినది పోటీ ఒక్కటే కాదమ్మా. తమ తల్లిదండ్రులు ఒక పాట కోసం అంత దూరం వస్తారన్న సంగతి అందింది. జపానులో సుజుకి అనే వయొలిన్ గురువు ఉండేవారు. ఆయన పద్ధతిలో పిల్ల కంటె ముందు తల్లి వయొలిన్ పట్టాలి. అమ్మ వాయిస్తుంటే చూసి, 'నాకూ కావాలి' అని పిల్ల అడిగేదాకా ఇవ్వరు. మాతృభాష ఎట్లా వస్తుందో సంగీతమూ అట్లాగే రావాలన్నది ఆయన సిద్ధాంతం. బలవంతం తప్పదంటావా, సరే. ఆ బలవంతం పాప మీద కాదు, నీ మీద పెట్టుకో. ముందు నువ్వు చేరు.

మేనకోడలు: ఎంత తేలికగా అనేశారు! ఆఫీసు నాది, వంట నాది, పాప హోంవర్కు నాది. ఇప్పుడు సాధన కూడా నాదేనా? పిల్లల విషయంలో ఏ గొప్ప సిద్ధాంతం తీసినా చివరకు తల్లి నెత్తిమీదకే వస్తుందేం మామయ్యా? 'తల్లి పాడాలి, తల్లి ఆదర్శంగా ఉండాలి' అని చెప్పేవాళ్లు, ఆ గంటసేపు పొయ్యి దగ్గర ఎవరు నిలబడాలో చెప్పరు.

మామయ్య: ఈ మాట ఇంతకు ముందు నాతో ఎవరూ అనలేదు, అనకపోవడం వల్ల నాకు తట్టనూలేదు. మీ అత్తయ్య వంట చేస్తూ ఉండబట్టే నేను ఉదయం రెండు గంటలు సాధన చేయగలిగాను. అయితే పాడేది తల్లే కానక్కరలేదు. గాయకుడు బాలసుబ్రహ్మణ్యానికి సంగీతం ఇంట్లో హరికథకుడైన తండ్రి సాంబమూర్తిగారి దగ్గర వినికిడిలోనే వచ్చింది. శాస్త్రీయంగా నేర్వకపోయినా 'శంకరాభరణం' పాడి జాతీయ పురస్కారం తెచ్చుకున్నాడు. తండ్రి గొంతూ పనిచేస్తుందమ్మా. అబ్బాయితో నేను మాట్లాడతాను. ఆ గంట వంటిల్లు ఆయన చూసుకోవాలి, లేదా పాపతో ఆయన కూర్చుని పాడాలి.

మేనకోడలు: ఆయన గొంతు మీరు వినలేదు.

మామయ్య: వినవలసినది నేను కాదు, పాప. నాన్న అపస్వరం పాడుతూ కూడా ఆనందిస్తున్నాడని తెలిస్తే, తప్పు పాడతానేమోనన్న భయం ఆ ఇంట్లో ఉండదు. వారం చివర శిల్పారామంలో సాయంకాలం ఏదో ఒక కార్యక్రమం ఉంటుంది, ముగ్గురూ వెళ్లండి. పాప అరగంటకు లేచి పరుగెత్తితే ఆమె వెంట లేచి వచ్చేయండి. పూర్తిగా వినితీరాలని పట్టుబట్టకండి. చుట్టాలు వస్తే 'ఒక పాట పాడి వినిపించు' అనకండి.

మేనకోడలు: ఆ చివరిమాట నేను ఒప్పుకోను. నలుగురి ముందు పాడడం అలవాటు కావాలి. ఆ అలవాటే ఈనాటికీ ఆఫీసులో నాకు ఉపకరిస్తున్నది.

మామయ్య: అయితే నలుగురూ కలిసి పాడండి, తరువాత తనకు తోస్తే ఒక్కతే పాడుతుంది.

మేనకోడలు: చూద్దాం. నేను ఒప్పుకున్నవి చెప్తాను. కీబోర్డు మానేస్తాను. పరీక్ష వాయిదా వేస్తాను, రద్దు చేస్తానని మాత్రం అనను. కాని పాప చేరిన రోజునుంచి ప్రతిరోజూ ఒకే వేళకు పది నిమిషాలు కూర్చోవలసిందే. ఏడ్చిన రోజున మానిపించను. మానేయదలిస్తే ఆరు నెలల గడువు పూర్తయ్యాక, కోపం లేని రోజున అడగమంటాను. నాకు జరిగినది దానికి జరగనివ్వను. ఇందులో మీరు పాప పక్షం వహించకూడదు.

మామయ్య: వహించను. పది నిమిషాలు నాకు సమ్మతమే. అందులో ఐదు నిమిషాలు గురువుగారు చెప్పినది, ఐదు నిమిషాలు పాపకు తోచినది.

మేనకోడలు: తోచినది లిఫ్టు గంట అయితే?

మామయ్య: అదే పాడనీ. స్వరం వ్రాసి ఇస్తాను, నువ్వూ కలిసి పాడు. నువ్వు వర్ణంతో మొదలుపెట్టకు. ఇన్నేళ్లుగా పాడని గొంతు, నలిగిపోతుంది. ఐదు శ్రుతిలో మధ్యషడ్జం మీద నిలబడి ముందు అకారం చెయ్యి. సరళీవరుసలు ఒకటో కాలంలో చాలు. రేపు ఆఫీసు కాల్ ఎన్ని గంటలకు?

మేనకోడలు: ఎనిమిదిన్నరకు.

మామయ్య: ఏడింటికి తంబురా యాప్ పెట్టి కూర్చో. కాఫీ సంగతి నేను చూసుకుంటాను. పాపను మాత్రం లేపకు. లేస్తే తానే వస్తుంది.